‘భయపడకండి’ అని పదిసార్లు చెప్పినా బీపీ దిగకపోతే

మీరు అడిగింది ఇదీ: స్టాఫ్ నర్సుగా చేరి ఎనిమిది నెలలైంది. హెర్నియా ఆపరేషన్‌కి వచ్చిన 62 ఏళ్ళ రైతు ముందురోజు అడ్మిట్ అయినప్పుడు బాగానే ఉన్నారు. పొద్దున థియేటర్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, బీపీ 190/110. మత్తు డాక్టరు గారు కేసు వాయిదా వేశారు. మీరు ‘భయపడకండి బాబాయ్’ అని పదిసార్లు చెప్పినా లాభం లేకపోయింది. పైగా సర్జన్ గారు అందరి ముందూ ‘పేషెంటుని ప్రిపేర్ చేయడం కూడా రాదా’ అన్నారు. గురువారం ఆయన మళ్ళీ వస్తున్నారు, ఈసారి ఏం చేయాలి?

సర్జన్ గారి మాట పక్కన పెట్టండి. నేను 31 ఏళ్ళు చేశాను, అందులో ఎక్కువ భాగం సర్జికల్ వార్డులోనే. హెడ్ నర్సుగా రిటైరయ్యే వారం ముందు కూడా ఒకసారి ఇలాంటి మాట పడ్డాను. అదలా ఉంచితే, మీ ప్రశ్నలో నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది వేరే విషయం. ఆయనది భయమే అని ఎలా తేల్చారు?

ఏమీ తినకూడదు, తాగకూడదు అని చెప్పాం కదా, పొద్దున బీపీ మాత్ర కూడా మానేశారేమో. చాలామంది మానేస్తారు. తప్పు వాళ్ళది కాదు, మనం సరిగ్గా చెప్పం. చాలా బీపీ మాత్రలు ఆపరేషన్ రోజున రెండు గుక్కల నీళ్ళతో వేసుకోవచ్చు, కొన్నిటిని మాత్రం ఆపమంటారు. ఏది వేయాలో ఏది ఆపాలో ముందురోజే మత్తు డాక్టరు గారితో కేస్ షీట్‌లో రాయించుకోండి. ఆ వయసు మగవాళ్ళలో ప్రోస్టేట్ ఇబ్బంది మామూలే. మూత్రం నిండిపోయి, అడగడానికి మొహమాటపడి కూర్చున్నా బీపీ పెరుగుతుంది.

ఇంకోటి, ఇది మొహమాటం లేకుండా అడగాల్సింది: మందు అలవాటు. రోజూ తాగే మనిషిని అడ్మిట్ చేసి ఒక రాత్రి ఆపించాం అనుకోండి. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల వణుకు, చెమట, గుండె దడ, బీపీ పెరగడం మొదలవుతాయి. చూడ్డానికి అచ్చం భయంలాగే ఉంటుంది. కనిపెట్టకపోతే ఫిట్స్ దాకా, మతి తప్పేదాకా వెళ్తుంది. ‘తాగుతారా’ అని ఇంటివాళ్ళ ముందు అడిగితే ‘ఎప్పుడో పండక్కి’ అంటారు. కోడలు టీకి వెళ్ళినప్పుడు పక్కన నిలబడి మామూలు గొంతుతో ‘బాబాయ్, రోజుకి ఎంత పడుతుంది?’ అనండి. లేకపోతే లేదంటారు, ఉంటే లెక్క చెప్తారు. మీరు రాసిన వివరాలు చదివితే, ముందురోజు బాగుండి తెల్లారేసరికి వణుకు, చెమట అంటే, నాకు మొట్టమొదట తట్టింది ఇదే. గురువారం దాకా ఆగకండి, ఈరోజే డాక్టరు గారి చెవిన వేయండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేను దెబ్బతిన్నాను కాబట్టి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. షుగరున్న ఒకావిడ, పొద్దున ఏమీ తినలేదు కానీ అలవాటు కొద్దీ షుగరు మాత్ర వేసేసుకుంది. ‘సిస్టర్, ఏదోలా ఉంది, భయంగా ఉంది’ అంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా, తడిగా ఉంది. నేను ‘ఆపరేషనంటే అందరికీ అంతేనమ్మా, టెన్షన్ పడకండి’ అని మందుల ట్రాలీ తోసుకుంటూ పక్క మంచానికి వెళ్ళిపోయాను. మా ఇన్‌ఛార్జి సిస్టర్ వచ్చి వేలి మీద రక్తం చుక్క తీసి చూస్తే షుగరు 46కి పడిపోయి ఉంది. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు) ఎక్కించాక కాసేపటికి ఆవిడ లేచి కూర్చుని, నన్ను చూసి, ‘ఇందాకే చెప్పాను కదమ్మా’ అంది. కోపంగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుర్తుంది.

రక్తం ఎక్కిస్తున్నప్పుడు అది పడకపోయినా, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడినా, గుండెపోటు వస్తున్నా, లోపల రక్తం కారుతున్నా, కొందరిలో మొదట బయటపడేది కంగారే. ‘నేను పోతానేమో సిస్టర్’ అని ఎవరన్నా అంటే ముందు వేలికి ప్రోబ్ పెట్టి ఆక్సిజన్ చూడండి, నాడి, బీపీ, శ్వాస, షుగరు చూడండి. ఓదార్చడం చేతులు ఆ పని చేస్తుండగా నోటితో చేయొచ్చు.

ఇవన్నీ చూసి, డాక్టరు గారు కూడా చూసి, వేరే ఏమీ లేదని తేలాక భయం సంగతికి వద్దాం.

‘భయపడకండి’, ‘ఏం కాదు’ అనే రెండు మాటలు మన నోట ఊతపదాలైపోయాయి. మంచి ఉద్దేశంతోనే అంటాం. పేషెంటుకి మాత్రం ‘ఇక ఆ ఊసెత్తకు’ అన్నట్టు వినిపిస్తుంది. ఆయన నోరు మూసుకుంటారు, భయం లోపలే ఉంటుంది, బీపీ మిషన్‌లో బయటపడుతుంది. ‘ఏం కాదు’ అని మాటివ్వడానికి మనమెవరం? అవతలివాళ్ళకీ తెలుసు మనకి ఆ అధికారం లేదని.

తెలుగులో మనకి ఎన్ని మాటలున్నాయో చూడండి: గాబరా, కంగారు, దడ, గుబులు, దిగులు, బెంగ. పేషెంటు వీటిలో ఏది వాడారో చెవి పెట్టి వినండి. దడగా ఉందన్నవాళ్ళ నాడి చూడాలి. దిగులుగా ఉందంటే ఇంటి దగ్గర ఎవరున్నారని అడగాలి, పాలిచ్చే గేదెని చూసుకునేవాళ్ళు లేకపోవచ్చు, పరీక్షలు రాస్తున్న పిల్ల ఉండొచ్చు. బెంగ అన్నారంటే మనసు ఎవరి మీదో ఉంది. నోట్స్‌లో మాత్రం అన్నిటినీ కలిపి ‘పేషెంట్ యాంక్షియస్’ అని రాసేసి చేతులు దులుపుకుంటాం.

మగవాళ్ళని, అందులోనూ పల్లెటూరి పెద్దవాళ్ళని, ‘భయంగా ఉందా’ అని అడగొద్దు. లేదనే అంటారు. నేను ‘రేపటి పనిలో మీకు అన్నిటికన్నా ఇబ్బందిగా అనిపిస్తున్నది ఏది?’ అని అడిగేదాన్ని. ఇబ్బంది అనే మాటలో పరువు పోయేదేమీ లేదు. అడిగాక గోడ గడియారం వైపు చూడకుండా కాసేపు ఊరుకోవాలి. కష్టమైన పని ఇదే. నలభై మంచాల వార్డులో ఒక్కదానివే ఉన్నప్పుడు ఆ పది సెకన్ల నిశ్శబ్దం పది నిమిషాల్లా ఉంటుంది, నాకు తెలుసు.

ఒక కేసు చెప్తాను. గర్భసంచి తీసే ఆపరేషన్‌కి వచ్చిన యాభై దాటిన ఆవిడ. చాలా ధైర్యస్థురాలు, వార్డులో పక్కవాళ్ళకి కూడా ధైర్యం చెప్పేది. పొద్దున గౌను వేసి, పుస్తెలతాడు తీయించి, పసుపుతాడు కట్టించాం. దానికీ బాధపడలేదు. ఆ తర్వాత బీపీ చూస్తే 176/104. మళ్ళీ చూసినా అంతే. మత్తు డాక్టరు గారు అరగంట చూద్దామన్నారు. నేను మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని పైన చెప్పిన ప్రశ్నే అడిగాను. చాలాసేపు చీర మడతపెడుతున్నట్టు దుప్పటి అంచు మడతపెట్టింది. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి, ‘పై పళ్ళు కట్టుడువమ్మా. ఇందాక ఆ అబ్బాయి వచ్చి పళ్ళు తీసి మీవాళ్ళకివ్వు అన్నాడు. బయట ఉన్నది మా అల్లుడు’ అంది.

కూతురి పెళ్ళయి ఏడేళ్ళయినా ఆ అల్లుడి ముందు గట్టిగా నవ్వని మనిషి. బోసి నోటితో స్ట్రెచర్ మీద ఆయన ముందు నుంచి వెళ్ళాలి, పళ్ళు ఆయన చేతికే వెళ్ళాలి. కోత గురించి, మత్తు గురించి ఆవిడకి చింతే లేదు. మత్తు డాక్టరు గారితో మాట్లాడితే థియేటర్ లోపలికి వెళ్ళాక తీస్తే చాలన్నారు. మూతున్న చిన్న డబ్బా మీద ప్లాస్టర్ అంటించి ఆవిడ పేరు రాసి చూపించాను. ‘ఇది నా దగ్గరే ఉంటుంది. రికవరీలో మీకు పూర్తిగా తెలివిగా ఉందని డాక్టరు గారు చెప్పాక మీ చేతికే ఇస్తాను. పెట్టుకున్నాకే బయటికి వస్తారు’ అన్నాను. అరగంట తర్వాత బీపీ 152/90. నార్మల్ అయిపోయిందని చెప్పను, కానీ కేసు వెళ్ళింది. డబ్బా సంగతి నేను మర్చిపోకుండా ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. అందుకని డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో మందులతో పాటు ‘పళ్ళ డబ్బా’ అని కూడా చెప్పాను. సాయంత్రం డ్యూటీ అమ్మాయి నవ్వింది. నవ్వినా ఇచ్చింది.

ఇక సూది విషయం. మనందరి నోటా ఉండే మాట: ‘చీమ కుట్టినట్టుంటుంది, అంతే.’ నేనూ వేలసార్లు అని ఉంటాను. 2010లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఒక పరిశోధన వచ్చింది. బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో కాన్పుకి వచ్చిన 140 మంది స్త్రీల మీద చేసింది. నడుముకి మత్తిచ్చే ముందు చర్మం తిమ్మిరెక్కడానికి చిన్న సూది వేస్తారు కదా, ఆ సమయంలో సగం మందితో ‘పెద్ద తేనెటీగ కుట్టినట్టుంటుంది, ఇదే అన్నిటికన్నా కష్టమైన ఘట్టం’ అన్నారు. మిగతా సగం మందితో ‘ఇక్కడ తిమ్మిరెక్కేలా మందిస్తున్నాం, తర్వాత మీకు హాయిగా ఉంటుంది’ అన్నారు. సూది అదే, మందు అదే. నొప్పికి పదికి ఎన్ని మార్కులేస్తారంటే తేనెటీగ మాట విన్నవాళ్ళ మధ్య విలువ 5, రెండోవాళ్ళది 3. వాళ్ళ తేనెటీగకి మన చీమ చెల్లెలే కదా! ఆ తర్వాత నుంచి నా నోటికి చీమని రాకుండా చూసుకున్నాను. పూర్తిగా మానడానికి ఏడాది పట్టింది.

అలాగని ‘నొప్పే ఉండదు’ అని అబద్ధం చెప్పమనడం లేదు. చిన్నపిల్లలతో ‘అయిపోయింది, అయిపోయింది’ అంటూ అప్పుడు గుచ్చుతారు చూడండి, నాకు ఒళ్ళు మండేది అక్కడే. వాడు జీవితంలో ఇంకో నర్సుని నమ్మడు. ఏం చేస్తున్నామో, ఏం తెలుస్తుందో వరసగా చెప్పాలి: ‘స్పిరిట్ రాస్తున్నాను, చల్లగా ఉంటుంది. ఇప్పుడు పెడుతున్నాను, చెయ్యి వదులుగా ఉంచండి. సూది బయటికి తీసేశాను, లోపల మెత్తటి గొట్టం ఒకటే ఉంది.’ ఆఖరి మాట తప్పకుండా చెప్పండి. లోపల సూదే ఉందనుకుని చెయ్యి కర్రలా బిగించి పడుకునేవాళ్ళు ఎంతమందో. థియేటర్‌కి క్యాన్యులా (సెలైన్ ఎక్కించే ఆ గొట్టం) పచ్చది గానీ గులాబీది గానీ పెడతాం కదా, ‘ఏ చెయ్యి ఇస్తారు?’ అని అడగండి. ఆ రోజంతటిలో పేషెంటు ఇష్టానికి వదిలేది ఆ ఒక్కటే. రెండుసార్లు గుచ్చినా దొరకకపోతే మూడోసారి మీరు వద్దు, ఇంకొకరిని పిలవండి.

సూది చూస్తేనే కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు వేరే రకం. వాళ్ళకి బీపీ మొదట కాస్త పెరిగినా, ఉన్నట్టుండి పడిపోతుంది. వాళ్ళని ‘రిలాక్స్ అవ్వండి’ అంటే ఇంకా త్వరగా పడతారు. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్‌గోరాన్ ఓస్ట్ 1980లలో తెచ్చిన కిటుకు ఒకటుంది: పడుకోబెట్టి, కాళ్ళు, కడుపు, సూది వేయని చెయ్యి గట్టిగా బిగించమనాలి, పది పదిహేను సెకన్లు, ముఖం వేడెక్కినట్టు అనిపించేదాకా. తర్వాత అరనిమిషం వదిలి మళ్ళీ బిగించాలి. నాలుగైదుసార్లు చేస్తే చాలామంది నిలబడతారు. హెర్నియా ఉన్న మీ బాబాయ్‌తో మాత్రం కడుపు బిగింపించకండి!

హెర్నియాకి సాధారణంగా నడుముకే మత్తిస్తారు కాబట్టి, మెలకువగా ఉంటారన్న సంగతి ఆయనకి ముందే తెలుసా? ఆపరేషనంటే పూర్తిగా నిద్రపుచ్చుతారని అనుకుని వచ్చి, బల్ల మీద మేలుకుని ఉంటే ‘మత్తు ఎక్కలేదు, ఇలాగే కోసేస్తారు’ అనుకుంటారు. ముందురోజు సాయంత్రం ఆయన మాటల్లోనే అడిగి తెలుసుకుని, మత్తు డాక్టరు గారు ఏం ప్లాన్ చేశారో నిర్ధారించుకుని, ఇలా చెప్పండి. లోపల చలిగా ఉంటుంది, దుప్పటి అడగొచ్చు. కూర్చోబెట్టి గానీ పక్కకి పడుకోబెట్టి గానీ గడ్డం ఛాతీకి ఆనించి వీపు వంచమంటారు. ఎదురుగా ఒకరు భుజాలు పట్టుకుని ఉంటారు. మందు వెళ్ళాక కాళ్ళు వెచ్చబడతాయి, బరువెక్కుతాయి, తర్వాత కదపలేరు. అది మత్తు పనిచేస్తోందనడానికి గుర్తు, కొన్ని గంటల్లో కాళ్ళు మళ్ళీ మీవవుతాయి. లాగినట్టు, నొక్కినట్టు తెలుస్తుంది, కోత నొప్పి తెలియదు. తెలిస్తే చెప్పండి, తలవైపే డాక్టరు గారు ఉంటారు. మిషన్ టిక్ టిక్ మంటుంది, అది మీ గుండె చప్పుడే. వణుకు రావచ్చు, చాలామందికి వస్తుంది.

కాళ్ళు కదపలేకపోవడం గురించి ముందే చెప్పకపోతే ఏమవుతుందో నేను చూశాను. రికవరీలో ఒకాయన తన కాలిని చేత్తో ముట్టుకుని, అది తనది కానట్టు తెలిసి, కాళ్ళు పడిపోయాయనుకుని ఏడ్చారు. ఒక్క వాక్యం ముందు చెప్పి ఉంటే సరిపోయేది.

ఇలా చెప్పడం వల్ల నిజంగా లాభముందా అని డాక్టర్లే పాతకాలంలో చూశారు. 1964లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో కడుపు ఆపరేషన్లు చేయించుకున్న 97 మందిని రెండు గుంపులు చేశారు. నొప్పి ఎక్కడ వస్తుంది, ఎన్నాళ్ళుంటుంది, ఎలా పక్కకి తిరగాలి అని మత్తు డాక్టరు ముందే కూర్చుని చెప్పినవాళ్ళకి, తర్వాత నొప్పి మందు మిగతావాళ్ళకి పట్టినదాంట్లో దాదాపు సగమే పట్టింది. సర్జన్ గారు మళ్ళీ ఏమన్నా అంటే ఈ లెక్క చెప్పండి. లేదా చెప్పకండి, మీ ఇష్టం.

అయితే మనిషి బాగా కంగారులో ఉన్నప్పుడు ఈ ఉపన్యాసం పనికిరాదు. సైకియాట్రిక్ నర్సింగ్ పేపర్ కోసం అమెరికా నర్సింగ్ సిద్ధాంతకర్త హిల్డెగార్డ్ పెప్లావ్ కంగారుకి చెప్పిన నాలుగు మెట్లు బట్టీ పట్టే ఉంటారు, మైల్డ్, మోడరేట్, సివియర్, ప్యానిక్. పరీక్షయ్యాక మర్చిపోతాం కానీ పనికొచ్చే ముక్క అదే: మూడో మెట్టుకి చేరాక మనిషికి వివరాలు ఎక్కవు. అప్పుడు నాలుగేసి మాటల వాక్యాలు చాలు. ‘నేను ఇక్కడే ఉన్నాను. ఊపిరి మెల్లగా వదలండి. ఇంకొంచెం వదలండి.’ పీల్చమని చెప్పకండి, వదిలితే పీల్చడం అదే వస్తుంది.

చెయ్యి పట్టుకోవడం గురించి కూడా అడిగారు, మగ పేషెంట్లతో మొహమాటంగా ఉంటుందని. నాడి చూడండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించకుండా నిండు నిమిషం చూడండి. ఆ నిమిషంలో మిమ్మల్ని ఎవరూ పిలవరు, పిలిచినా ‘పల్స్ చూస్తున్నా’ అంటే ఆగుతారు. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి ఉండటం తప్పుగా ఎవరికీ కనిపించదు. నాడి లెక్క ఎలాగూ కేస్ షీట్‌కి కావాలి.

బంధువుల సంగతి కూడా చూసుకోవాలి. మంచం చుట్టూ ఆరుగురు చేరి, ‘మా ఊళ్ళో ఒకాయన ఇదే ఆపరేషన్‌కి వెళ్ళి...’ అని మొదలుపెట్టేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్ళతో గొడవపడకండి, పని చెప్పండి. మందుల చీటీ ఇచ్చి ఫార్మసీకి పంపండి, క్యూ ఎంత పొడవుంటే అంత మంచిది. తాయెత్తు ఉంటే కత్తెరతో టపీమని కత్తిరించకండి, ఎందుకు తీయాలో చెప్పి, పేషెంటు చేతే విప్పించి, ఆయన చెప్పినవాళ్ళ చేతికే ఇవ్వండి.

గురువారం కేసు కాబట్టి బుధవారం సాయంత్రం ఆయనతో పది నిమిషాలు కూర్చోండి. వీలైతే లిస్టులో మొదటి కేసుగా పెట్టమని అడగండి. మొదటిది కాకపోతే నీళ్ళు ఎప్పటిదాకా తాగొచ్చో మత్తు డాక్టరు గారిని అడగండి. మన దగ్గర రాత్రి పది నుంచి చుక్క నీళ్ళు ఇవ్వరు, కేసు మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్తుంది. వేరే ఇబ్బందులేవీ లేని పేషెంటుకి ఘనపదార్థాలకి ఆరు గంటలు, మంచినీళ్ళకి రెండు గంటలు ఆగితే చాలని మత్తు వైద్యుల మార్గదర్శకాలే చెప్తున్నాయి. దాహం, ఆకలి, పొద్దున టీ పడక తలనొప్పి, బీడీ లేక చిరాకు, ఇవన్నీ కలిసి కూడా మనకి భయంగానే కనిపిస్తాయి. రాత్రి నిద్రకి మాత్ర అవసరమా అన్నది డాక్టరు గారి నిర్ణయం, కానీ పోయినసారి రాత్రి నిద్రపట్టిందా అని అడిగి చెప్పాల్సింది మీరు.

వెళ్ళేటప్పుడు ‘ఐదు నిమిషాల్లో వస్తా’ అనకండి. రాలేరు. ‘ఈ సెలైన్ అయిపోయేలోపు ఒకసారి వస్తాను’ అనండి, రండి. కుదరకపోతే ఆయాతోనైనా కబురు పంపండి.

ఆయన్ని అడగాల్సిన మొదటి ప్రశ్న మాత్రం ఇది: ‘బాబాయ్, పోయినసారి వార్డులో బాగానే ఉన్నారు కదా, ఎక్కడికి వచ్చేసరికి తేడా చేసింది?’ లిఫ్టు దగ్గరా, గౌను వేసినప్పుడా, సంతకం పెట్టించినప్పుడా, స్ట్రెచర్ మీద పడుకోబెట్టినప్పుడా? ఆయన ఏం చెప్పారో, మందు అలవాటు సంగతి ఏం తేలిందో శుక్రవారం తీరిక చూసుకుని ఇక్కడ రాయండి. పేరు, ఊరు వద్దు.